హస్తవాసి అంటారు గానీ, సగం పని కాళ్లదే

[దృశ్యం: ఆపరేషన్ థియేటర్ నేల. రెండు పెడళ్లు, వాటి మీద మేజోళ్లు తొడిగిన పాదాలు.]

చూపు బాగా వస్తే "మీ హస్తవాసి మంచిది డాక్టరమ్మా" అంటారు పెద్దవాళ్లు. వినడానికి సంతోషమే. కానీ శుక్లం ఆపరేషన్‌లో సగం పని పాదాలదే. నా ఎడమ పాదం మైక్రోస్కోపును నడుపుతుంది. కుడి పాదం కింద ఉన్నది ఫేకో యంత్రం పెడల్. కొద్దిగా నొక్కితే కంట్లోకి ద్రవం పారుతుంది. ఇంకాస్త నొక్కితే యంత్రం పీల్చడం మొదలుపెడుతుంది. పూర్తిగా నొక్కితే అల్ట్రాసౌండ్ కంపనాలు శుక్లాన్ని పిండి చేస్తాయి. కుట్టుమిషన్ తొక్కినవారికి ఈ లెక్క ఇట్టే తెలుస్తుంది.

[దృశ్యం: కంటి నమూనా. మసకబారిన లెన్సు, దాని చుట్టూ పలుచని సంచి.]

సంచి ముందు పొరను గుండ్రంగా తీసి, లోపలి శుక్లాన్ని తొలగించి, మడతపెట్టిన కొత్త లెన్సును అందులో కూర్చోబెడతాం. ఇదంతా సుమారు 3 మిల్లీమీటర్ల కోతలోంచే. ఆ సంచి వెనక పొర మందం మధ్యలో మిల్లీమీటరులో వందో వంతు కూడా ఉండదు. పాదం ఒక్క క్షణం ఆలస్యమైతే చిరుగుతుంది. శిక్షణ రోజుల్లో నా చేతిలో... కాదు, నా కాలి కింద ఒకసారి చిరిగింది. పది నిమిషాల పని గంట దాటింది. అప్పటినుంచి పెడల్ మీద చెప్పుతో కాలు పెట్టలేదు. చెప్పు ఉంటే స్పర్శ తెలియదు.

[దృశ్యం: ఆకుపచ్చ గుడ్డ కింద పేషెంటు. తెరిచిన కన్ను ఒక్కటే కనిపిస్తుంది.]

చాలామందికి చుక్కల మందే మత్తు. మెలకువగా ఉంటారు, అన్నీ వింటారు. అందుకే నోటికీ పని ఉంటుంది. "వెలుతురు వైపే చూడండి అమ్మా." పాతబస్తీ నుంచి వచ్చిన పెద్దాయనకైతే "రోషనీ దేఖియే, చాచా." హైదరాబాద్‌లో కంటి డాక్టరుకు రెండు భాషలూ కావాలి.

చదువు సంగతా? ఇంటర్న్‌షిప్‌తో కలిపి ఎంబీబీఎస్ అయిదున్నరేళ్లు, ఎంఎస్ మూడేళ్లు. ఈ నగరంలో కంటి వైద్యానికి పెద్ద పేర్లున్నాయి. 1987లో మొదలైన ఎల్.వి. ప్రసాద్ సంస్థ బంజారాహిల్స్‌లో ఉంది. ఆటో ఎక్కి "సరోజినీ దేవి" అంటే చాలు, మెహదీపట్నంలోని ప్రభుత్వ కంటి ఆసుపత్రి దగ్గర దింపుతారు.

[దృశ్యం: ఓపీ. చీకటి గది, కంటిని పెద్దదిగా చూపే స్లిట్ ల్యాంపు ముందు గడ్డం ఆనించిన రోగి.]

అసలు రోజులో ఎక్కువ భాగం ఈ చీకటి గదిలోనే గడుస్తుంది. "ముదిరాక చేయించుకుంటాను" అనే మాట వినని రోజు లేదు. శుక్లాన్ని మొత్తంగా బయటకు లాగే కాలంలో ఆ మాటకు అర్థం ఉండేది. ఇప్పుడు ముదిరితే గట్టిపడుతుంది. పెడల్ ఎక్కువసేపు నొక్కాలి, నల్లగుడ్డు లోపలి కణాలు దెబ్బతింటాయి. నీటికాసుల (గ్లాకోమా) రోగులతో మాట్లాడటం ఇంకా కష్టం. చాలామందికి నొప్పి ఉండదు, పోయిన చూపు తిరిగి రాదు. ఉన్న చూపును కాపాడటానికి రోజూ చుక్కలు వేసుకోమంటే ఎవరు నమ్ముతారు?

[దృశ్యం: మర్నాడు ఉదయం. కంటి కట్టు విప్పుతున్న నర్సు.]

మొన్న కట్టు విప్పగానే ఒక పెద్దామె నన్ను ఎగాదిగా చూసింది. "నువ్వేనా తల్లీ ఆపరేషన్ చేసింది? గొంతు విని చాలా పెద్దదానివనుకున్నాను" అంటూ నా చేతులు పట్టుకుని అటూ ఇటూ తిప్పి చూసింది.

కాళ్ల సంగతి నేను చెప్పలేదు.