ఏడంతస్తుల హాలుకు చాలని ఆర్గాన్: ఫిలడెల్ఫియా వానమేకర్స్

[దృశ్యం: మార్కెట్ స్ట్రీట్, 13వ వీధి కూడలి. పాత ఫొటో]

అమెరికాలోని ఫిలడెల్ఫియాలో వానమేకర్స్ అనే పెద్ద దుకాణం నడిచిన చోటిది. ఇక్కడ మొదట ఉన్నది పెన్సిల్వేనియా రైల్‌రోడ్ వాళ్ల సరుకుల షెడ్డు. జాన్ వానమేకర్ దాన్ని కొని, 1876లో ‘గ్రాండ్ డిపో’ పేరుతో మగవాళ్ల బట్టల దుకాణం తెరిచాడు. మరుసటి ఏడాది ఆడవాళ్ల బట్టలూ, ఇంటి సామాన్లూ వచ్చి చేరాయి.

[దృశ్యం: ధర చీటీ, దగ్గరగా]

అప్పట్లో చాలా కొట్లలో కొన్న ధరను గుప్తాక్షరాల్లో సరుకు మీద రాసుకునేవారు. గుమాస్తా ఆ అక్షరాలు చూసి, వచ్చిన మనిషిని చూసి ధర చెప్పేవాడు. చిన్న కొట్టులో ఇది నడుస్తుంది. వందలమంది గుమాస్తాలున్నచోట బేరాలు మొదలైతే కౌంటర్ ముందు జనం పేరుకుపోతారు. అందుకే ఇక్కడ అందరికీ ఒకే ధర, నచ్చకపోతే డబ్బు వాపసు. ఇది ఆయన కనిపెట్టిందని చాలామంది చెబుతారు, కాదు. పారిస్, న్యూయార్క్ దుకాణాల్లో అప్పటికే ఉంది. ప్రకటనలతో ఊరంతా చాటింది మాత్రం ఆయనే.

[దృశ్యం: గొట్టంలోకి దూరే డబ్బా, యానిమేషన్]

1878లో కరెంటు దీపాలు, 1880లో గాలి గొట్టాలు వచ్చాయి. గుమాస్తా డబ్బూ బిల్లూ చిన్న డబ్బాలో పెట్టి గొట్టంలో వేస్తే, గాలి ఒత్తిడి దాన్ని క్యాషియర్ దగ్గరికి చేరుస్తుంది. చిల్లర అలాగే తిరిగొస్తుంది. ఇలాంటి గొట్టాలతో ఇబ్బంది రెండుచోట్ల: మూత సరిగ్గా పడకపోతే మలుపులో ఇరుక్కుంటుంది, డబ్బా అంచులకు చుట్టిన ఫెల్ట్ (మందపాటి ఉన్ని గుడ్డ) అరిగితే గాలి పక్కనుంచి పోయి నెమ్మదిస్తుంది.

[దృశ్యం: గ్రాండ్ కోర్ట్, కింది నుంచి పైకి]

ఇప్పుడున్న 12 అంతస్తుల భవనం షికాగో ఆర్కిటెక్ట్ డేనియల్ బర్నమ్‌ది. వ్యాపారం ఆగకుండా భాగాలుగా కట్టారు. 1911 డిసెంబర్ 30న అమెరికా అధ్యక్షుడు టాఫ్ట్ వచ్చి అంకితం చేశాడు.

మధ్యనున్న ఏడంతస్తుల హాలు, అంటే గ్రాండ్ కోర్ట్‌లోని ఆర్గాన్ (గొట్టాల్లోకి గాలి పంపి మోగించే భారీ వాద్యం) 1904 సెయింట్ లూయిస్ ప్రపంచ ప్రదర్శనకు చేసింది. 1909లో కొంటే 13 రైలు పెట్టెల్లో వచ్చింది, బిగించడానికి రెండేళ్లు పట్టింది. 10,059 గొట్టాలున్నా చాల్లేదు! ప్రతి అంతస్తూ హాలులోకి తెరిచే ఉండటంతో శబ్దమంతా చెదిరిపోయింది. దాంతో భవనం పైభాగంలోనే ఆర్గాన్ కార్ఖానా పెట్టి గొట్టాలు కలుపుతూ పోయారు. ఇప్పుడవి 28,750. వాయించడానికి ఆరు వరుసల కీబోర్డు.

దీని శ్రుతి నిలపడం పెద్ద పని. హాలు వేడెక్కితే పిల్లనగ్రోవి తరహా గొట్టాల శ్రుతి పెరుగుతుంది, లోపల కంపించే లోహపు నాలుక ఉన్న గొట్టాల శ్రుతి దాదాపు అక్కడే ఉంటుంది. రెండూ కలిపి వాయిస్తే అపశ్రుతి. లోపలి తోలు భాగాలు ఎండి చిరిగితే ఆ స్వరం మూగబోతుంది.

[దృశ్యం: కంచు గద్ద]

అదే ప్రదర్శన నుంచి వచ్చిన మరో వస్తువు ఈ గద్ద. బరువు 2,500 పౌండ్లు, కాబట్టి కింద నేలకు అదనపు దూలాలు వేశారు. తర్వాత ఊరివాళ్లు ఒకరికొకరు చెప్పుకునే గుర్తు అదే: “గద్ద దగ్గర కలుద్దాం.”

వానమేకర్స్ పేరు 1995లో పోయింది. అదే భవనంలోకి హెక్ట్స్, లార్డ్ అండ్ టేలర్ అనే దుకాణాల సంస్థలు వచ్చి వెళ్లాక, 2006లో మేసీస్ దుకాణం వచ్చింది. అదీ 2025 మార్చిలో మూతపడింది.