ఆకు లేదని గడ్డను పారేయకండి: ఫుట్‌బాల్ లిల్లీపై ఫోన్-ఇన్

యాంకర్: నమస్కారం. పొడుగాటి కాడ, దాని కొసన ఎర్రటి బంతి, చాలాసార్లు చుట్టూ ఒక్క ఆకు కూడా ఉండదు. ఫుట్‌బాల్ లిల్లీ అంటారు, మే ఫ్లవర్ అనీ అంటారు. ఇవాళ మాటలన్నీ దాని గురించే. వృక్షశాస్త్రం పాఠాలు చెప్పి రిటైరైన మేడమ్ స్టూడియోలో ఉన్నారు. మొదటి కాల్ తీసుకుందాం. చెప్పండమ్మా.

శ్రోత 1: నమస్కారమండీ. మా కుండీలో దాని ఆకులన్నీ పసుపుపచ్చగా మారి రాలిపోయాయి. నీళ్లు పోస్తూనే ఉన్నాను, ఎరువు కూడా వేశాను, అయినా ఒక్కటీ మిగల్లేదు. నాలుగు నెలలైంది. ఇంక చచ్చిపోయినట్టేనా? కుండీ ఖాళీ చేసి వేరే మొక్క పెడదామనుకుంటున్నాను.

మేడమ్: అమ్మా, ఆగండి, ఖాళీ చేయకండి! ఆకులు పసుపెక్కి రాలడం దానికి రోగం కాదు, నిద్ర. ఇది ఆఫ్రికా మొక్క, అరేబియా ద్వీపకల్పంలోనూ ఉంది. అక్కడ వాన లేని నెలల్ని భూమి లోపల గడ్డగా గడిపేస్తుంది, ఆకులుంటే నీరు ఆవిరైపోతుంది కాబట్టి వాటిని వదిలేస్తుంది, అందులోని సరుకంతా కిందికి లాక్కున్నాకే వదులుతుంది. మీరు చేసిన పొరపాటల్లా నిద్రపోతున్న గడ్డకు నీళ్లు పోయడం. ఆకు లేనప్పుడు అది నీరు తాగలేదు, ఆ తడికి కుళ్లుతుంది. ఒక పని చేయండి, వేలితో పైమట్టి కొంచెం పక్కకి జరిపి గడ్డ మెడ దగ్గర నొక్కి చూడండి. గట్టిగా ఉంటే బతికున్నట్టే. మెత్తగా ఉండి వాసన వస్తే మాత్రం కుళ్లింది. చూసి మళ్లీ ఫోన్ చేయండమ్మా, నాకూ తెలుసుకోవాలనుంది.

యాంకర్: తప్పకుండా చేయండమ్మా. తర్వాతి కాల్.

శ్రోత 2: హలో మేడమ్, నాది ఉల్టా సమస్య. ఆకులు బ్రహ్మాండంగా వస్తాయి, పువ్వు మాత్రం మూడేళ్లుగా లేదు. మొదటి ఏడాది పూసింది. పువ్వు అయిపోయాక ఆకులు వెడల్పుగా పరుచుకుని పక్క మొక్కలకి అడ్డమొస్తుంటే కత్తిరించేస్తున్నాను. దానికీ దీనికీ ఏమైనా సంబంధం ఉందా?

మేడమ్: బాబూ, జవాబు మీ నోటితోనే చెప్పేశారు. ఈ గడ్డ కట్టుబడి ఉల్లిపాయ లాంటిదే. ఉల్లిపాయని నిలువుగా కోస్తే అడుగున చిన్న బిళ్లలాంటిది కనిపిస్తుంది కదా, అసలు కాండం అదే. దాని మీద పొరలు పొరలుగా ఉండేవన్నీ ఆకుల మొదళ్లు, తిండి దాచుకుని లావెక్కినవి. పుస్తకంలో దీన్ని లశునం అంటాం. ఇప్పుడు వచ్చే పువ్వు ఈ ఏడాది సంపాదన కాదు. పోయినసారి ఆకులు ఎండలో వండిన తిండితో, గడ్డ మధ్యలో, అప్పుడే మొగ్గ తయారైపోయి ఉంటుంది. అందుకే ఆకు కూడా లేకుండా ఎండుమట్టిలోంచి, మొదటి వాన పడీపడగానే అంత పెద్ద పువ్వు లేస్తుంది. మీరు పచ్చటి ఆకు కోసిన ప్రతిసారీ వచ్చే ఏడాది పువ్వుని కోస్తున్నట్టే. దయచేసి అవి వాటంతటవే పూర్తిగా ఎండి, లాగితే చేతికొచ్చేదాకా ముట్టుకోకండి. అడ్డమొస్తే పక్క మొక్కల్నే జరపండి. ఇంకోటి, ఏటా కుండీ మార్చడం, గడ్డను తవ్వి విడదీయడం లాంటివి దీనికి నచ్చవు, వేళ్లు కాస్త ఇరుకుగా ఉంటేనే బాగా పూస్తుంది. ఒకటి రెండేళ్లు ఓపిక పట్టాలి, ఖాళీ అయిన గడ్డ మళ్లీ నిండాలి కదా.

శ్రోత 2: ఇంతకాలం నేనే దాన్ని పస్తులుంచానన్నమాట. సరే మేడమ్, ఇక ముట్టుకోను.

శ్రోత 3: హలో, నేను ఎనిమిదో తరగతి చదువుతున్నానండీ. అది ఒకే పువ్వా, చాలా పువ్వులా? మా ఫ్రెండ్ ఒకటే అంటాడు.

మేడమ్: ఎంత మంచి ప్రశ్న అడిగావు నాన్నా! చాలా పువ్వులు. బాగా బలిసిన గడ్డయితే ఒక్క బంతిలో 200 దాకా ఉండొచ్చు. అన్ని కాడలూ ఒకే చోటు నుంచి గొడుగు పుల్లల్లా బయల్దేరతాయి, దీన్ని గుచ్ఛం అంటారు. పేరులోనే ఉంది చూడు, స్కాడాక్సస్ మల్టీఫ్లోరస్, మల్టీఫ్లోరస్ అంటే చాలా పువ్వులున్నది అని. మీ ఇంట్లో పూసినప్పుడు ఒకే ఒక్క చిన్న పువ్వుని మెల్లగా తుంచి తెల్ల కాగితం మీద పెట్టు. కింద సన్నటి గొట్టం, పైన సూదుల్లాంటి ఆరు రేకులు. రక్షక పత్రాలు వేరు, ఆకర్షక పత్రాలు వేరు అని ఉండవు, ఆరూ ఒకేలా ఉంటాయి, అందుకని పరిపత్రం అంటాం. ఒక్కో రేకు ఎదురుగా ఒక్కో కేసరం, ఎర్రటి కాడ, కొసన పసుపు పుప్పొడి. దూరం నుంచి బంతిలా గుండ్రంగా, మెత్తగా కనబడేది చాలావరకు ఈ కేసరాల వల్లే. మధ్యలో ఇంకో పుల్ల ఉంటుంది, అది కీలం. ఇప్పుడు రేకుల కింద చూడు, చిన్న ఆకుపచ్చ గుండు ఉంటుంది, అది అండాశయం. రేకులకంటే కింద ఉంది కాబట్టి నిమ్న అండాశయం. తర్వాత ఎర్రటి పండయ్యేది అదే. చూశాక చేతులు సబ్బుతో కడుక్కో, నోట్లో మాత్రం పెట్టకు.

శ్రోత 3: పుప్పొడిని ఎవరు తీసుకెళ్తారండీ?

మేడమ్: దక్షిణాఫ్రికాలో దీని ఉపజాతి ఒకదాన్ని పరిశీలిస్తే, పెద్ద సీతాకోకచిలుకలు తేనె కోసం వాలి రెక్కలాడిస్తుంటే బయటికి పొడుచుకొచ్చిన కేసరాలు ఆ రెక్కలకు తగిలి పుప్పొడి అంటుకుంటోందని తేలింది. కాళ్లకో మూతికో కాదు, రెక్కలకి! నాకు చాలా ఇష్టమైన విషయం ఇది.

శ్రోత 4: మేడమ్, మా చెల్లెలి దగ్గరున్నది ఆకు లేకుండా పూస్తుంది, నాది ఆకులతో పాటే పూస్తోంది. రెండూ ఒకటేనా? నెట్‌లో హీమాంథస్ అని కూడా ఉంది, ఏది కరెక్టో తెలియట్లేదు.

మేడమ్: జాతి ఒకటే కావచ్చమ్మా, ఉపజాతి వేరయ్యుండొచ్చు. దీనికి మూడు ఉపజాతులున్నాయి. అందులో కాథరినే అనేది పువ్వు వేళకు ఆకుల్ని కూడా పెట్టుకుని ఉంటుంది, దక్షిణాఫ్రికాలో మొక్కల బొమ్మలు గీసిన కాథరిన్ సాండర్స్ పేరు పెట్టారు దానికి. ఇక హీమాంథస్ అంటే నెత్తుటి పువ్వు, అది పాత పేరు. 1976లో ఫ్రీస్, నోర్డాల్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు స్కాడాక్సస్‌ని విడిగా నిలబెట్టారు. మనం కంటితో పట్టుకోగల తేడా ఆకులో ఉంది, స్కాడాక్సస్ ఆకుకి నడిమి ఈనె స్పష్టంగా ఉంటుంది, హీమాంథస్‌కి ఉండదు. క్రోమోజోములూ వేరే, స్కాడాక్సస్‌లో 18, హీమాంథస్‌లో 16. కొనేటప్పుడు రెండు పేర్లలో ఏది రాసి ఉన్నా కంగారు పడొద్దు.

శ్రోత 5: అమ్మా, మా కోడలు తవ్విన గడ్డల్ని ఉల్లిపాయల బుట్టలో పెట్టింది, ఆరతాయని. ఏం కాదుగా?

మేడమ్: ఫోన్ పెట్టగానే తీసేయండి, ఇది చాలా ముఖ్యం! ఇందులో లైకోరిన్ లాంటి ఆల్కలాయిడ్లు ఉంటాయి, విషం. ఆఫ్రికాలో కొన్నిచోట్ల బాణాలకు పూసే విషంలో, చేపల్ని మత్తెక్కించి పట్టడంలో వాడేవారు. పొరపాటున తింటే చొంగ కారడం, వాంతులు, విరేచనాలు. వండితే పోతుందనీ అనుకోవద్దు. గడ్డను కోస్తే ఉల్లి ఘాటు రాదు, అదే గుర్తు, కానీ ఆ గుర్తు మీద ఆధారపడకండి, పేరు రాసి వేరే గదిలో పైన పెట్టండి. కుక్కలకీ పిల్లులకీ కూడా ప్రమాదమే. ఎవరైనా తింటే వాంతి చేయించే ప్రయత్నాలు ఇంట్లో వద్దు, మొక్క ముక్క పట్టుకుని నేరుగా ఆస్పత్రికి వెళ్లండి. ఆ ఎర్ర పండ్లు చూస్తే పిల్లలకు తినాలనిపిస్తుంది, వాటి మీదా ఓ కన్నేయండి.

యాంకర్: పండ్లలోని గింజలు నాటొచ్చా మేడమ్?

మేడమ్: నాటొచ్చు, కానీ దాచకూడదు. ఎండితే చచ్చిపోతాయి. గ్లవ్స్ వేసుకుని గుజ్జు కడిగేసి, తాజాగా ఉండగానే మట్టి మీద పెట్టి కాస్త నొక్కితే చాలు. పూత మాత్రం కొన్నేళ్లు పడుతుంది.

యాంకర్: మొదట మాట్లాడినావిడ మళ్లీ లైన్లోకొచ్చారు! చెప్పండమ్మా.

శ్రోత 1: మీరు చెప్పినట్టే మట్టి జరిపి చూశానండీ. మెడ గట్టిగా ఉంది. పక్కన ఒక పొర మెత్తగా ఉంటే వేలికి ఊడొచ్చింది, దాని కింద తెల్లగా, శుభ్రంగా ఉంది. పైన మధ్యలో ఎర్ర మచ్చలున్న మొన ఒకటి, బియ్యపు గింజంత!

మేడమ్: అమ్మయ్య! అది లేస్తోందమ్మా. ఆ ఊడిన పొర తీసేసి, ఒక రోజు గాలికి ఆరనిచ్చి, మెడ కొస మట్టిమట్టానికి ఉండేలా కప్పేయండి. నీళ్లు ఇప్పుడే కాదు, ఆ మొన వేలి కణుపంత అయ్యాక మొదలుపెట్టండి, అదీ పైమట్టి ఆరాకే.