అయోవా కాకస్: 34 ఓట్లు, అందని 8 కాగితాలు

[తెరపై: చేత్తో ఒకే ఒక పేరు రాసి, మడిచిన చిన్న కాగితం ముక్క]

2012 జనవరి 3 రాత్రి అమెరికాలోని అయోవా రాష్ట్రంలో రిపబ్లికన్ పార్టీ మద్దతుదారులు బడుల్లో, గ్రంథాలయాల్లో, చర్చిల్లో సమావేశమై (ఇలాంటి పార్టీ సమావేశాన్నే కాకస్ అంటారు), అధ్యక్ష అభ్యర్థిగా ఎవరు ఉండాలో కాగితం ముక్కల మీద రాసి ఇచ్చారు. తెల్లవారకముందే మిట్ రామ్నీకి 30,015 ఓట్లు, రిక్ శాంటోరమ్‌కు 30,007 ఓట్లు వచ్చాయని, అంటే రామ్నీ 8 ఓట్ల ఆధిక్యంతో గెలిచారని పార్టీ ప్రకటించింది.

ఓట్ల లెక్కింపు అనగానే కలెక్టరు, స్ట్రాంగ్ రూము, కేంద్ర బలగాలు గుర్తుకొచ్చే మనకు ఈ పద్ధతి కొంత వింతగా తోస్తుంది. అభ్యర్థిని ఎంచుకునే మరో పద్ధతి అయిన ప్రైమరీ ఎన్నికను సాధారణంగా ప్రభుత్వ ఎన్నికల యంత్రాంగం నిర్వహిస్తుంది. కాకస్‌ను మాత్రం పార్టీయే తన స్వచ్ఛంద కార్యకర్తలతో నడుపుకుంటుంది. ఓట్లను అక్కడికక్కడే లెక్కించి, ఆ అంకెలను అదే రాత్రి పార్టీకి తెలియజేస్తారు. అయితే అది తాత్కాలిక లెక్క మాత్రమే. అసలు ప్రమాణం 'ఫారం-ఇ' అనే కాగితం. స్థానిక బాధ్యులు దాన్ని పూర్తి చేసి, సంతకాలతో రెండు వారాల్లోగా పార్టీకి చేర్చాలి.

[తెరపై: పక్కపక్కనే 2, 22 అనే అంకెలు]

మౌల్టన్ అనే చిన్న ఊరి గ్రంథాలయంలో ఆ రాత్రి ఓటు వేసింది 53 మంది. లెక్కింపులో పాల్గొన్న ఒక ఓటరు, రామ్నీకి అక్కడ వచ్చినవి 2 ఓట్లేనని, పార్టీ వెబ్‌సైటులో మాత్రం 22 కనిపిస్తున్నాయని బయటపెట్టారు. మొత్తం తేడా 8 ఓట్లే అయినప్పుడు, ఒక ఊరి లెక్కలో అదనంగా పడిన ఒక్క అంకె విజేతనే మార్చేయగలదు.

జనవరి 19న ధ్రువీకరించిన ఫలితాల్లో శాంటోరమ్‌కు 29,839, రామ్నీకి 29,805 ఓట్లు వచ్చాయి. అంటే శాంటోరమ్‌దే 34 ఓట్ల ఆధిక్యం. కానీ మొత్తం 1,774 కేంద్రాల్లో 8 కేంద్రాల ఫారాలు అసలు అందనే లేదు. దాంతో విజేత ఎవరో చెప్పడానికి మొదట తటపటాయించిన పార్టీ, విమర్శలు రావడంతో ఆ వెంటనే శాంటోరమ్ పేరు ప్రకటించింది. అప్పటికే, వరుసగా రెండు రాష్ట్రాలు గెలిచిన అభ్యర్థిగా తర్వాతి రాష్ట్రమైన న్యూ హాంప్‌షైర్‌లో విజయం తర్వాత రామ్నీ పేరు మారుమోగిపోయింది. శాంటోరమ్‌కు నిజంగా జరిగిన నష్టం ఆ పదహారు రోజులే అని నా అభిప్రాయం. పార్టీ రాష్ట్ర అధ్యక్షుడు మ్యాట్ స్ట్రాన్ ఆ నెలాఖరులోనే రాజీనామా చేశారు.

విచిత్రమేమిటంటే, ఇంత రభస జరిగిన ఆ ఓట్లకు, పార్టీ అభ్యర్థిని అధికారికంగా ఎన్నుకునే జాతీయ మహాసభకు వెళ్లే ప్రతినిధులు అప్పటి నిబంధనల ప్రకారం కట్టుబడి ఉండనక్కరలేదు. వారి ఎంపిక తర్వాతి అంచెల సమావేశాల్లో జరిగింది. అక్కడ ఓపికగా కూర్చున్నది మూడో స్థానంలో నిలిచిన రాన్ పాల్ అనుచరులు. మహాసభలో అయోవాకున్న 28 ఓట్లలో 22 ఆయనకే పడ్డాయి.

[తెరపై: 2020 ఫిబ్రవరి 3]

2020లో వంతు డెమొక్రాట్లది. ఫలితాలు పంపడానికి తెచ్చిన కొత్త యాప్ మొరాయించింది, ఫోన్ లైన్లు కిక్కిరిసిపోయాయి, ఆ రాత్రి ఒక్క అంకె కూడా వెలువడలేదు. చివరికి, మద్దతును రాష్ట్ర మహాసభ ప్రతినిధుల వాటాగా మార్చి చెప్పే లెక్కలో పీట్ బుటిజెజ్ 26.2 శాతంతో, 26.1 శాతం వచ్చిన బెర్నీ శాండర్స్‌ను దాటారు. తలలు లెక్కిస్తే మాత్రం, తగినంత మద్దతు లేని అభ్యర్థుల వారు మరొకరి వైపు మారకముందు జరిగిన మొదటి విడతలో శాండర్స్‌దే సుమారు 6,000 ఆధిక్యం. కొన్ని కేంద్రాల లెక్కల పత్రాల్లో కూడికలు, భాగహారాలే తప్పాయని తేలినా, సంతకాలు పడిన పత్రంలోని అంకెను తాము దిద్దలేమని, అది చట్టపరమైన పత్రమని పార్టీ న్యాయ సలహాదారు తేల్చారు. అసోసియేటెడ్ ప్రెస్ వార్తా సంస్థ విజేతను ప్రకటించకుండానే ఊరుకుంది.