గేమ్ మధ్యలో కంప్యూటర్ ఆరిపోతోందా? థర్మల్ పేస్ట్ కొనేముందు ఇది చూడండి

[తెర మీద: గేమ్ నడుస్తుండగా మానిటర్ నల్లబడుతుంది. ఫ్యాన్ల చప్పుడు ఆగిపోతుంది.]

మే నెల, సాయంత్రం ఏడు గంటలు. గేమ్ మంచి ఊపులో ఉంది. ఉన్నట్టుండి టప్పున అంతా ఆరిపోయింది. కేబినెట్ మీద చెయ్యి పెడితే వేడిగా తగిలింది. ఇంకేముంది, "హీటెక్కి ఆగిపోయింది" అని తేల్చేసి ప్రాసెసర్‌కూ కూలర్‌కూ మధ్య పూసే పేస్ట్ ఒకటి, ఫ్యాన్లు మూడు ఆర్డర్ పెట్టేస్తాం.

నమస్కారం. విడిభాగాలు కొని ఇంట్లోనే బిగించుకున్న డెస్క్‌టాప్ ఇలా ఆగిపోతుంటే అసలు కారణాన్ని ఎలా పట్టుకోవాలో ఈ వీడియోలో చూద్దాం. నా అభిప్రాయం ముందే చెప్పేస్తా. స్పీడు తగ్గకుండా, ఏ సూచనా లేకుండా ఒక్కసారిగా ఆరిపోయిందంటే నేను ప్రాసెసర్ వేడిని చివర్లో అనుమానిస్తాను. మొదట అనుమానించేది కరెంటును.

[తెర మీద: ఉష్ణోగ్రత పెరుగుతుంటే క్లాక్ స్పీడు దిగుతున్న గ్రాఫ్.]

ఎందుకంటే ప్రాసెసర్‌కు తనను తాను కాపాడుకోవడం వచ్చు. రైజెన్ 5 5600కి ఏఎండీ పెట్టిన గరిష్ఠ హద్దు 90 డిగ్రీలు. ఈమధ్య వచ్చిన ఇంటెల్ డెస్క్‌టాప్ ప్రాసెసర్లలో చాలావాటికి 100. ఆ హద్దు తగలగానే అది ఆగిపోదు, స్పీడు తగ్గించుకుంటుంది. దీన్నే థ్రాట్లింగ్ అంటారు. గేమ్ ముక్కలు ముక్కలుగా కదులుతుంది, మౌస్ కూడా మొరాయిస్తుంది. అప్పటికీ వేడి దిగకపోతేనే, అంటే కూలర్ వదులైపోయో లిక్విడ్ కూలర్ పంప్ ఆగిపోయో ఉంటేనే, కరెంటు ఆపేయమని చిప్పు మదర్‌బోర్డుకు సిగ్నల్ ఇస్తుంది. కాబట్టి నిజంగా వేడి వల్లే ఆగితే, దానికి ముందు చాలాసార్లు ఆ నత్తనడక కనిపిస్తుంది. అన్నట్టు, రైజెన్ 7000 సిరీస్ ప్రాసెసర్లు చాలావరకు భారీ పని పడితే 95 డిగ్రీల దగ్గర నడిచేలాగే తయారయ్యాయి. ఆ అంకె చూసి టెన్షన్ పడకండి.

అందుకే స్క్రూడ్రైవర్ పట్టుకునేముందు, అది ఎలా ఆగిందో ఒకసారి గుర్తు తెచ్చుకోండి. ముందు నెమ్మదించి, తర్వాత ఆగి, వెంటనే ఆన్ చేస్తే నిమిషంలో మళ్లీ పోయి, కాసేపు చల్లారాక మామూలుగా నడిస్తే అది వేడే. ఒక్కసారిగా ఆరిపోయి, బటన్ ఎంత నొక్కినా ఉలుకూ పలుకూ లేకుండా, వెనక పవర్ సప్లై స్విచ్ ఆపి వేస్తే తప్ప లేవకపోతే, లోడు తట్టుకోలేకో, ఎక్కడో షార్ట్ అయ్యో పవర్ సప్లై తనను తాను ఆపేసుకుని రక్షణలోకి వెళ్లిపోయిందన్నమాట. దానంతటదే రీస్టార్ట్ అయితే కరెంటు ఒక్క క్షణం తడబడి ఉండొచ్చు, ర్యామ్ కావచ్చు. నీలం తెర వస్తే మాత్రం ముందు ర్యామ్, డ్రైవర్ల వైపు చూడండి.

[తెర మీద: హెచ్‌డబ్ల్యూఇన్ఫో సెన్సర్ల విండో. కింద లాగింగ్ బటన్ చుట్టూ ఎర్ర గీత.]

జ్ఞాపకం మీదే ఆధారపడక్కర్లేదు. సెన్సర్ల అంకెలు చూపించే హెచ్‌డబ్ల్యూఇన్ఫో అనే ప్రోగ్రామ్ ఉచితంగా దొరుకుతుంది. సెన్సర్ల విండోలో లాగింగ్ ఆన్ చేసి గేమ్ మొదలుపెట్టండి. రెండు సెకన్లకో వరుస చొప్పున ఫైల్లో రాసుకుంటూ పోతుంది. ఆరిపోయాక మళ్లీ ఆన్ చేసి, ఆ ఫైలును ఎక్సెల్‌లో తెరిచి, చివరి పది వరుసలు చూడండి. ప్రాసెసర్ ఉష్ణోగ్రత, జీపీయూ హాట్ స్పాట్ (గ్రాఫిక్స్ చిప్పులో అన్నిటికంటే వేడిగా ఉన్న చోటు), థ్రాట్లింగ్ జరిగిందా లేదా, ఈ మూడూ చాలు. చివరి వరుసలో ప్రాసెసర్ 74, హాట్ స్పాట్ 85 దగ్గర ఉందనుకోండి, ఇక పేస్ట్ సంగతి మర్చిపోండి.

విండోస్ తనలో జరిగినవి రాసుకునే ఈవెంట్ వ్యూయర్‌లో కెర్నల్-పవర్ 41 అని ఎర్రగా కనిపిస్తుంది. అది చూసి చాలామంది పవర్ సప్లై కొత్తది కొనేస్తారు. 41 కారణం చెప్పదు. "పోయినసారి నన్ను పద్ధతిగా షట్‌డౌన్ చేయలేదు" అని విండోస్ మళ్లీ లేచాక రాసుకునే మాట అది, అంతే. దాని వివరాల్లో బగ్‌చెక్ కోడ్ (నీలం తెర తప్పు సంఖ్య) సున్నా ఉంటే విండోస్ ఏ తప్పునూ నమోదు చేసుకునే వీలు లేకుండానే పోయిందని అర్థం. దాని చుట్టుపక్కల డబ్ల్యూహెచ్‌ఈఏ-లాగర్ పేరుతో ఎర్రర్లు కనిపిస్తే అది వేరే కథ. హార్డ్‌వేర్ తప్పును ప్రాసెసర్ స్వయంగా చెబుతోందన్నమాట.

[తెర మీద: టేబుల్ కింద చిన్న యూపీఎస్. దాని వెనక స్టిక్కర్ దగ్గరగా.]

ఇప్పుడు మన ఇళ్లలో ఎక్కువమంది చూడని చోటికి వద్దాం. ఈ స్టిక్కర్ మీద 600 వీఏ అని పెద్ద అక్షరాల్లో ఉంటుంది. పక్కనే చిన్నగా 360 వాట్లు అని ఉంటుంది. మనకు కావలసింది ఆ చిన్న అంకె.

లెక్క వేద్దాం. రైజెన్ 5 5600 ప్రాసెసర్ మామూలు సెట్టింగుల్లో 76 వాట్ల దాకా తీసుకుంటుంది. ఆర్‌టీఎక్స్ 3060 గ్రాఫిక్స్ కార్డు 170. మదర్‌బోర్డు, ర్యామ్, ఎస్‌ఎస్‌డీ, ఫ్యాన్లకు ఓ 50 వేసుకోండి. మొత్తం 296. పవర్ సప్లైలో పోయే నష్టం కలిపితే గోడ దగ్గర 340కి వస్తుంది. మానిటర్‌కు ఇంకో 30. మొత్తం 370. యూపీఎస్ ఇవ్వగలిగింది 360.

బ్రౌజింగ్ చేస్తున్నప్పుడు ఇందులో మూడో వంతు కూడా వాడదు. ప్రాసెసరూ కార్డూ రెండూ ఒకేసారి గట్టిగా పనిచేసినప్పుడే గీత దాటుతుంది. అప్పటికీ గోడ కరెంటు బాగున్నంతసేపు యూపీఎస్ దాన్నే అటు పంపిస్తుంది కాబట్టి చాలావరకు నెట్టుకొస్తుంది. ఇక వేసవి సాయంత్రం వీధిలో ఏసీలన్నీ ఒకేసారి ఆన్ అవుతాయి. వోల్టేజీ పడిపోతుంది, లేదా ఒక్క క్షణం కరెంటు పోయి వస్తుంది. యూపీఎస్ బ్యాటరీ మీదికి మారుతుంది, ఓవర్‌లోడ్ చూస్తుంది, కీచుమని అరిచి ఆపేస్తుంది. అదే సమయానికి గదీ వేడిగానే ఉంటుంది, కేబినెట్టూ వేడిగానే ఉంటుంది. నింద మాత్రం ప్రాసెసర్ మీద పడుతుంది.

పరీక్ష చాలా తేలిక. యూపీఎస్ పక్కన పెట్టి, ఎర్తింగ్ సరిగ్గా ఉన్న గోడ సాకెట్‌కు నేరుగా పెట్టి రెండు మూడు రోజులు ఆడండి. ఆగడం మానేస్తే దొంగ దొరికినట్టే. పాత యూపీఎస్ అయితే బ్యాటరీ చచ్చిపోయి కూడా ఇలా చేస్తుంది.

ఇంట్లో ఇన్వర్టర్ మీద నడిపేవాళ్లు దాని వెనక చిన్న స్విచ్ చూడండి. చాలావాటికి నార్మల్, యూపీఎస్ అని రెండు మోడ్‌లు ఉంటాయి. కరెంటు పోయి బ్యాటరీకి మారే ఖాళీని పవర్ సప్లై తన కెపాసిటర్లతో నెట్టుకురావాలి. డెస్క్‌టాప్ పవర్ సప్లైలకు పెట్టిన ఏటీఎక్స్ ప్రమాణాల లెక్కన ఆ ఓపిక సుమారు 16 మిల్లీసెకన్లే. నార్మల్ మోడ్‌లో మారడానికి అంతకంటే ఎక్కువ పడుతుంది. ఫ్యాన్లకూ లైట్లకూ తేడా తెలియదు, కంప్యూటర్ మాత్రం రీస్టార్ట్ అవుతుంది.

[తెర మీద: గ్రాఫిక్స్ కార్డుకు పెట్టిన రెండు తలల కేబుల్. తర్వాత రెండు విడి కేబుళ్లు.]

నేరుగా గోడకు పెట్టినా ఆగిపోతే, అప్పుడు పవర్ సప్లై వంతు. డబ్బా మీద 80 ప్లస్ ముద్ర ఉంటే భరోసా అనుకుంటారు. అది కరెంటు ఎంత వృథా అవుతుందో చెప్పే ముద్రే కానీ, రక్షణ సర్క్యూట్లు ఎంత బాగున్నాయో చెప్పదు. ఆర్‌టీఎక్స్ 3080 లాంటి పెద్ద కార్డులు క్షణంలో కొంత భాగంపాటు తమ రేటింగ్ కంటే చాలా ఎక్కువ లాగేస్తాయి. సగటు లెక్కలో సరిపోయే పవర్ సప్లై కూడా ఆ కుదుపుకు రక్షణలోకి వెళ్లిపోతుంది. 2022లో వచ్చిన ఏటీఎక్స్ 3.0 ఇలాంటి కుదుపులను దృష్టిలో పెట్టుకునే రాసిన ప్రమాణం. కార్డుకు రెండు సాకెట్లుంటే ఒకే కేబుల్ రెండు తలలతో సరిపెట్టకుండా రెండు విడి కేబుళ్లు వేయండి. ఇంకో కంపెనీ పవర్ సప్లై కేబుల్ సరిగ్గా పడుతోంది కదా అని మాత్రం పెట్టకండి. పిన్నుల అమరిక వేరైతే ఎస్‌ఎస్‌డీలు, కార్డులు కాలిపోతాయి.

[తెర మీద: పక్క తలుపు తీసిన కేబినెట్.]

లాగ్‌లో నిజంగానే వేడి కనిపించిందా? అప్పుడు ముందు గది లెక్క తీయండి. రివ్యూలో 22 డిగ్రీల గదిలో 68 చూపించిన కూలర్, రామగుండంలోనో ఖమ్మంలోనో 40 డిగ్రీల గదిలో దాదాపు 86 చూపిస్తుంది. కూలర్ పాడవలేదు, గది మారింది.

తర్వాత పక్క తలుపు తీసి అదే గేమ్ అరగంట ఆడండి. పది డిగ్రీలు దిగితే గాలి ఆడడం లేదు. కంప్యూటర్ టేబుల్ కింది అరలోంచి కేబినెట్‌ను బయటకు లాగండి, ముందు జాలీకి పట్టిన దుమ్ము దులపండి. దేవుడి గది పక్కనే ఉంటే అగరుబత్తి పొగతో ఆ దుమ్ము జిగురుగా అంటుకుని ఉంటుంది, బ్రష్ కావాలి. బ్లోయర్ కొట్టేటప్పుడు ఫ్యాన్ రెక్కలు వేలితో ఆపి పట్టుకోండి. తలుపు తీసినా రెండు డిగ్రీలు కూడా దిగకపోతే తప్పు కూలర్ బిగింపులో ఉంది. కొత్త సిస్టమ్ అయితే కూలర్ అడుగున ప్లాస్టిక్ పొర తీశారో లేదో చూడండి, ఇది నిజంగా జరుగుతుంది. ఇంటెల్ బాక్స్ కూలర్‌కు నాలుగు పిన్నులూ బోర్డు వెనక పూర్తిగా దిగాయో లేదో చూడండి. లిక్విడ్ కూలర్ అయితే, ఏ పనీ లేకుండా, విండోస్‌కు ముందు వచ్చే బయోస్ సెట్టింగుల తెరలోనే ఉష్ణోగ్రత ఎక్కుతూ పోతుంటే పంప్ తిరగడం లేదన్నమాట.

బిగింపు బాగుంటే బయోస్‌లో పవర్ లిమిట్లు చూడండి. ఐ5 12400కి ఇంటెల్ చెప్పింది నిలకడగా 65 వాట్లు, కాసేపు 117. కొన్ని మదర్‌బోర్డులు ఈ హద్దులను ఎత్తేసి వస్తాయి. ఇంటెల్ అంకెలు తిరిగి పెట్టండి. రైజెన్‌లో తక్కువ కరెంటుతో నడిపే ఎకో మోడ్ ఉంటుంది, మన ఎండాకాలానికి అది బాగా పనికొస్తుంది.

మిగిలినవి త్వరగా చెప్పేస్తా. రీస్టార్ట్‌లూ నీలం తెరలూ అయితే ఎక్స్‌ఎంపీ (ర్యామ్‌ను ఎక్కువ స్పీడులో నడిపే బయోస్ సెట్టింగ్) ఆపి చూడండి, ర్యామ్‌ను పరీక్షించే మెమ్‌టెస్ట్86 రాత్రంతా నడపండి. 13, 14 తరాల ఇంటెల్ ఐ7, ఐ9 ప్రాసెసర్ ఉన్నవాళ్లు బయోస్ తప్పకుండా అప్‌డేట్ చేయండి. 2024లో ఇంటెల్ స్వయంగా ఒప్పుకున్న వోల్టేజీ సమస్య అది. చాలా మోడళ్లకు వారంటీ కూడా రెండేళ్లు పెంచింది.

[తెర మీద: మదర్‌బోర్డు మూలన పవర్ స్విచ్ పిన్నులు.]

అన్నీ చూసినా దొరకకపోతే కేబినెట్ పవర్ బటన్‌ను అనుమానించండి. లోపల స్విచ్ ఇరుక్కుంటే నాలుగు సెకన్లు నొక్కి పట్టుకున్నట్టే, సిస్టమ్ ఆరిపోతుంది. ఆన్ చేశాక ఆ రెండు పిన్నుల వైరు ఊడదీసి నడపండి. ఆగకపోతే బటన్‌దే తప్పు. రీసెట్ బటన్ వైరు తెచ్చి పవర్ పిన్నులకు పెట్టేయండి. ఇకనుంచి రీసెట్ నొక్కితే ఆన్ అవుతుంది, రూపాయి ఖర్చు లేదు.