అకాల మరణం, నష్టపరిహారం: సంపాదనకు సాక్ష్యం కూడగట్టడం ఎలా
(కోనసీమలో ఒక న్యాయ విజ్ఞాన సదస్సులో చేసిన ప్రసంగ పాఠం)

సభకు నమస్కారం. డ్వాక్రా సంఘాల అక్కచెల్లెళ్ళకు, సచివాలయ సిబ్బందికి, ఊరి పెద్దలకు, తోటి న్యాయవాదులకు వందనాలు.

మరొకరి తప్పు వల్ల ఇంటి మనిషి పోయినప్పుడు ఆ కుటుంబం చట్టప్రకారం పరిహారం ఎలా కోరవచ్చునో చెప్పమని నన్ను పిలిచారు. మన ప్రాంతంలో ఇది దూరపు విషయం కాదు. కత్తిపూడి నుంచి బయలుదేరిన 216వ నంబరు జాతీయ రహదారి మన ఊళ్ళను ఒరుసుకుంటూ అమలాపురం, రాజోలు మీదుగా నరసాపురం వైపు పోతుంది. రొయ్యల చెరువుల గట్ల మీద ఏరియేటర్ల కోసం లాగిన తీగలున్నాయి, కొబ్బరి తోటల మీదుగా విద్యుత్ లైన్లున్నాయి, నేల కింద గ్యాస్ గొట్టాలున్నాయి. 2014 జూన్ 27న నగరం గ్రామంలో గ్యాస్ పైపులైను పేలినప్పుడు, 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర గోదావరిలో బోటు మునిగినప్పుడు దేశమంతా ఇటు చూసింది. ప్రభుత్వాలు ఎక్స్‌గ్రేషియా ప్రకటించాయి. కానీ సాయంత్రం సైకిలు మీద ఇంటికి వస్తున్న మనిషిని లారీ గుద్దేసి పోతే ఎవరూ ఏమీ ప్రకటించరు. ఆ కుటుంబం తానే వెళ్ళి అడగాలి, అడిగినదానిని తానే రుజువు చేయాలి.

అడగడానికే చాలామంది వెనకాడతారు. "పోయినవాడి మీద వచ్చే డబ్బు మేము తినం" అన్న తల్లులను నేను చూశాను. ఆ బాధను తప్పుపట్టే అర్హత ఎవరికీ లేదు. అయితే కోర్టు ప్రాణానికి ఖరీదు కట్టదు. ఆ మనిషి బతికి ఉంటే రేపు, ఎల్లుండి, పదేళ్ళ తరువాత ఇంటికి ఏమి తెచ్చి ఉండేవాడో లెక్క వేస్తుంది. ఆ డబ్బు పిల్లల చదువుది, ముసలి తల్లి మందులది. అది వారికి రావలసిన బాకీ.

వాహన ప్రమాదమైతే 1988 నాటి మోటారు వాహనాల చట్టం 166వ సెక్షన్ కింద ట్రిబ్యునల్‌లో, అంటే ఆ బాధ్యత చూసే జిల్లా లేదా అదనపు జిల్లా న్యాయమూర్తి కోర్టులో, పిటిషన్ వేయాలి. ప్రమాదం జరిగిన చోటే వేయాలన్న నిర్బంధం లేదు. మీరు నివసించే చోట కూడా వేయవచ్చు. ముమ్మిడివరం మనిషి యానాంలో ప్రమాదానికి గురై మరణిస్తే, పోలీసు కేసు పుదుచ్చేరి పరిధిలోని యానాం స్టేషన్‌లో నమోదైనా, కుటుంబం మన జిల్లాలోనే పరిహారం కోరవచ్చు. 2022 ఏప్రిల్ 1 నుంచి ఈ పిటిషన్‌కు ఆరు నెలల గడువు పెట్టారు. ఆ గడువును సవాలు చేస్తూ సుప్రీంకోర్టులో వ్యాజ్యాలు పడ్డాయి. అయినా ఆరు నెలల్లోపే వేసినవారికి ఆ వివాదంతో పనే లేదు కనుక, ఏడాది సూతకం పోయాక చూద్దామని ఆగవద్దని నా మనవి.

గుద్దిన వాహనం ఏదో తెలియకపోతే 2 లక్షల రూపాయల పరిహారానికి రెవెన్యూ అధికారుల ద్వారా దరఖాస్తు చేయవచ్చు. తప్పు ఎవరిదన్న విచారణ లేకుండా 5 లక్షలు ఇచ్చే 164వ సెక్షన్ కూడా ఉంది. అయితే ఆ 5 లక్షలకు ఒప్పుకుంటే 166 కింద దావా అక్కడితో ఆగిపోతుంది. అందువల్ల ఒప్పుకునే ముందు అసలు రావలసినది ఎంతో లెక్క కట్టుకోవాలి. ఈ పూట నేను ముఖ్యంగా చెప్పదలచినది ఆ లెక్క గురించే.

ఒక ఉదాహరణ వేసుకుందాం. చెట్లెక్కి కొబ్బరికాయలు దింపే 38 ఏళ్ళ దింపు కార్మికుడు, భార్య, ఇద్దరు పిల్లలు, తల్లి. నెలకు 12,000 సంపాదన రుజువైందనుకోండి. సొంతంగా కష్టపడి బతికేవాడు, నలభై లోపు వయసువాడు కనుక, ముందు ముందు ఆదాయం పెరిగేదన్న లెక్కన ప్రణయ్ సేథీ కేసులో 2017లో సుప్రీంకోర్టు చెప్పినట్లు 40 శాతం కలపాలి, 16,800 అవుతుంది. ఏడాదికి 2,01,600. ఆధారపడినవారు నలుగురు కనుక, అతను తన కోసం ఖర్చు పెట్టుకునేదిగా నాలుగో వంతు తీసేస్తారు, 1,51,200 మిగులుతుంది. సరళా వర్మ కేసులో 2009లో ఇచ్చిన పట్టిక ప్రకారం 36 నుంచి 40 ఏళ్ళ వారికి గుణకం, అంటే ఆ ఏడాది మొత్తాన్ని హెచ్చవేయవలసిన అంకె, 15. మొత్తం 22,68,000 రూపాయలు. అంత్యక్రియల ఖర్చు, భార్యాబిడ్డలు కోల్పోయిన సాహచర్యం వంటి పద్దుల కింద మరికొంత కలుస్తుంది.

ఇప్పుడు అదే మనిషికి నెలకు 8,000 మాత్రమే రుజువైతే? అన్నీ అవే ఉంచి లెక్క వేయండి, 15,12,000 వస్తుంది. నెలకు నాలుగు వేల తేడా రుజువు కానందుకు ఆ ఇల్లు 7,56,000 నష్టపోతుంది. తప్పు లారీ డ్రైవరుదేనని తేలిపోయిన కేసుల్లో కూడా కుటుంబాలు ఓడిపోయేది ఈ చోటే.

ఆ ఓటమికి బీజం ఎక్కడ పడుతుందో చూడండి. ఆసుపత్రి శవాగారం ముందు, వేపచెట్టు కింద బల్ల వేసుకుని హెడ్ కానిస్టేబులు పంచనామా రాస్తుంటాడు. "ఏం చేసేవాడు?" అని అడుగుతాడు. భార్య సొమ్మసిల్లి ఉంటుంది. పక్కనున్న దూరపు బంధువు ఎవరో "కూలిపనండీ" అంటాడు. అదే పంచనామాలోకి ఎక్కుతుంది, ఛార్జిషీటులోకి వెళ్తుంది. రెండేళ్ళ తరువాత భార్య బోనెక్కి "నా భర్త కొబ్బరి దింపులు తీయించే మేస్త్రీ, కింద ఆరుగురు పనిచేసేవారు" అని చెబితే, ఇన్సూరెన్స్ కంపెనీ తరఫు న్యాయవాది ఆ పంచనామా తీసి చూపించి "ఇప్పుడు కల్పించి చెబుతున్నారు కదా?" అని ప్రశ్నిస్తాడు. ఆ సమయంలో పక్కన ఉండే పెద్దలకు నా విన్నపం ఒక్కటే. పోయిన మనిషి ఏమి చేసేవాడో, ఎవరెవరిని పోషించేవాడో తెలిసినవారు ముందుకు వచ్చి సరిగ్గా చెప్పండి, రాసినది చదివించుకుని వినండి.

జీతం చీటీ లేనివారికి రుజువులు ఎక్కడివని అడుగుతారు. మన దగ్గర ఎక్కువమందికి జీతం చీటీ లేదు, నిజమే. కానీ అంబాజీపేట కొబ్బరి వ్యాపారి దగ్గర పద్దు పుస్తకం ఉంటుంది. పాల కేంద్రంలో పుస్తకం ఉంటుంది. కౌలు రైతైతే పంట సాగుదారు హక్కు పత్రం, ధాన్యం అమ్మినప్పుడు బ్యాంకులో పడిన డబ్బు ఉంటాయి. చెరువుల మీద పనివాడైతే యజమాని ఫోన్‌పేలో వేసిన జమలు ఉంటాయి. ఇక్కడొక జాగ్రత్త చెప్పాలి: పోయినవారి ఫోన్ నంబరును రద్దు చేయించవద్దు, ఫోన్ అమ్మవద్దు, రెండేళ్ళ సంపాదన చరిత్ర అందులోనే ఉండవచ్చు. వచ్చినదానికే కాదు, కట్టినదానికి కూడా సాక్ష్యం ఉంటుంది. నెలనెలా చీటీపాట, డ్వాక్రా వాయిదా, కాన్వెంటు ఫీజు, బండి లోను కట్టిన ఇంట్లో నెలకు ఎనిమిది వేలే వచ్చేవంటే ఏ న్యాయమూర్తీ తేలిగ్గా నమ్మరు. ఆ రసీదులన్నీ ఒక సంచిలో వేసి న్యాయవాదికి ఇవ్వండి. పద్దు పుస్తకం రాసిన వ్యాపారిని సాక్షిగా రమ్మని అడగడానికి మొహమాటపడవద్దు. కాగితం ఒక్కటే పెడితే చాలదు, రాసినవారు వచ్చి చెబితేనే దానికి బలం.

సొంత భూమి ఉన్న రైతు విషయంలో మరో వాదన వస్తుంది: భూమి ఎటూ వారసులకే ఉంది కదా, నష్టమేమిటని. భూమి ఉన్నా దానిని చూసుకునే మనిషి పోయాడు. ఆ అజమాయిషీకి విలువ ఉందని సుప్రీంకోర్టు గతంలోనే చెప్పింది. ఆయన పోయాక పొలం కౌలుకు ఇచ్చి ఉంటే, ముందు వచ్చిన ఆదాయానికి, ఇప్పుడు వచ్చే మక్తాకు మధ్య తేడా చూపండి.

ఇల్లాలు పోయినప్పుడు పరిస్థితి మరీ అన్యాయంగా ఉంటుంది. "ఆవిడకు సంపాదన లేదు" అని భర్తే పోలీసులకు చెబుతాడు. వంట, పిల్లలు, అత్తమామల సేవ, పాడి, ఆ పైన నరసాపురం వైపు ఊళ్ళలో ఏజెంటు ఇచ్చే లేసు అల్లకం: ఇదంతా పని కాక మరేమిటి? గృహిణి శ్రమకు ఆదాయం కట్టాలని, దానికి భవిష్యత్తు పెరుగుదల కూడా కలపాలని 2021లో కీర్తి కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. కాబట్టి ఆమె రోజు ఎలా గడిచేదో పిటిషన్‌లో రాయించండి.

ఇక రాజీలు. దినాల లోపే లారీ యజమాని తరఫున ఎవరో వస్తారు, కర్మ ఖర్చులకని లక్షో, లక్షన్నరో చేతిలో పెడతారు, స్టాంపు కాగితం మీద సంతకం అడుగుతారు. ఆ సాయం తీసుకోవడం తప్పు కాదు, కానీ ఇక ఏ క్లెయిమూ లేదని రాసిన కాగితం మీద న్యాయవాదికి చూపించకుండా వేలిముద్ర వేయవద్దు. ఊరి పెద్దలు కూడా ఆ పదకొండు రోజుల్లో రాజీకి తొందరపెట్టకూడదు. ఎల్‌ఐసీ డబ్బు వచ్చింది కాబట్టి పరిహారం తగ్గుతుందన్న మాట కూడా నమ్మకండి. 1998లోనే సుప్రీంకోర్టు దానిని తోసిపుచ్చింది. క్రిమినల్ కేసులో డ్రైవరు విడుదలైనా పరిహారం దావా పోదు, ఎందుకంటే ఇక్కడ కావలసిన రుజువు స్థాయి వేరు.

ఎవరు అడగవచ్చు? భార్య, భర్త, పిల్లలు, తల్లిదండ్రులే కాదు. అల్లుడి ఇంట్లో ఉంటూ అతని మీదే ఆధారపడిన అత్తగారు కూడా పరిహారం కోరవచ్చని 2021లో సుప్రీంకోర్టు చెప్పింది. కూతురి పంచన ఉన్న తల్లులు మన ఊళ్ళలో ఎందరో ఉన్నారు. వారి పేరు పిటిషన్‌లో మరిచిపోకండి.

వాహనం లేని మరణాలకు దారి వేరు. తెగిపడిన విద్యుత్ తీగ తగిలి మనిషి పోతే, సరఫరా చేసే సంస్థ నిర్లక్ష్యాన్ని విడిగా రుజువు చేయనక్కరలేదని 2002లో శైల్ కుమారి కేసులో సుప్రీంకోర్టు కఠిన బాధ్యత సూత్రాన్ని వర్తింపజేసింది. ఎలక్ట్రికల్ ఇన్‌స్పెక్టర్ విచారణ నివేదిక నకలు అడిగి తీసుకోండి. సివిల్ కోర్టులో వేసే దావాకు ఆధారం 1855 నాటి ప్రాణాంతక ప్రమాదాల చట్టం, గడువు మరణించిన నాటి నుంచి రెండేళ్ళు. డబ్బు కట్టి చేయించుకున్న వైద్యంలో నిర్లక్ష్యం జరిగితే వినియోగదారుల కమిషన్ ఉంది, అక్కడా రెండేళ్ళే. యజమాని కింద పనిచేస్తూ, ఆ పని వల్లే ప్రాణం పోతే కార్మిక చట్టం కింద పరిహారం ఉంది, అందులో యజమాని తప్పును చూపవలసిన పని లేదు.

న్యాయవాదికి ఇవ్వడానికి డబ్బు లేదని ఎవరూ ఆగిపోనక్కరలేదు. మహిళలకు, పిల్లలకు, ఎస్సీ, ఎస్టీలకు ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఇవ్వాలని 1987 నాటి న్యాయ సేవల చట్టం చెబుతోంది. 15100 నంబరుకు ఫోన్ చేయండి, లేదా కోర్టు ఆవరణలోని న్యాయ సేవల కార్యాలయానికి వెళ్ళండి. వెళ్ళేటప్పుడు ఎఫ్‌ఐఆర్, పంచనామా, పోస్ట్‌మార్టం నివేదిక, మరణ ధ్రువపత్రం, కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, నేను చెప్పిన ఆ రసీదుల సంచి తీసుకువెళ్ళండి. తీర్పు వచ్చాక మైనరు పిల్లల వాటాను సాధారణంగా కోర్టే బ్యాంకులో డిపాజిట్ చేయిస్తుంది. భార్య వాటా ఆమె ఒక్కరి పేరున ఉన్న ఖాతాలోనే పడేలా, ఆ పాసుపుస్తకం ఆమె దగ్గరే ఉండేలా మీ న్యాయవాదితో ముందే మాట్లాడుకోండి.