డిక్సీ డీన్: 60 గోల్స్‌కు ముందు, ఆ తర్వాత

అందరికీ నమస్కారం.

ఇంగ్లండ్ ఫుట్‌బాల్ ఆటగాడు డిక్సీ డీన్ పేరు ఇక్కడున్న చాలామంది వినే ఉంటారు. విన్నది మాత్రం ఎక్కువగా ఒక్క అంకెతోనే. 1927-28 సీజన్‌లో ఇంగ్లండ్ ఫస్ట్ డివిజన్‌లో, అంటే అప్పటి అత్యున్నత లీగ్‌లో, లివర్‌పూల్ నగరానికి చెందిన ఎవర్టన్ క్లబ్ తరఫున 39 మ్యాచ్‌లు ఆడి 60 గోల్స్ కొట్టాడు. ఇంగ్లండ్ లీగ్‌లో ఆ లెక్కను ఇప్పటికీ ఎవరూ దాటలేదు. 2022-23లో ఎర్లింగ్ హాలండ్ 36 కొడితే ప్రీమియర్ లీగ్ రికార్డు అని ప్రపంచమంతా చెప్పుకుంది. 2011-12లో మెస్సీ స్పెయిన్ లీగ్‌లో కొట్టినవి 50.

ఈ 60 గురించి మాట వస్తే మనవాళ్లు రెండు జట్లుగా విడిపోతారు. అలాంటివాడు మళ్లీ పుట్టడని కొందరంటారు. ఆ రోజుల్లో డిఫెండర్లకు ఆటే రాదు, ఎవరైనా కొట్టేవాళ్లేనని ఇంకొందరంటారు. నాకు రెండూ నచ్చవు. ఆ 60 ఎలా వచ్చిందో విడమర్చి చూస్తే డీన్ ఇంకా పెద్దగా కనిపిస్తాడు. నన్నడిగితే అతని గొప్ప సీజన్ కూడా అది కాదు. ఏ సీజనో తర్వాత చెబుతాను.

ముందు 1925 వేసవికి వెళ్దాం. అప్పటిదాకా ఆఫ్‌సైడ్ నియమం ఫార్వర్డ్‌లకు చాలా కఠినంగా ఉండేది. బంతి అందుకునేవాడికీ గోల్ లైన్‌కూ మధ్య ప్రత్యర్థులు కనీసం ముగ్గురు ఉండాలి, లేకపోతే ఆఫ్‌సైడ్ అని ఆట ఆపేస్తారు. ఒక ఫుల్ బ్యాక్, అంటే వెనక కాపు కాసే డిఫెండర్, నాలుగడుగులు ముందుకు జరిగితే చాలు, అవతలి ఫార్వర్డ్‌లు ఆఫ్‌సైడ్‌లో చిక్కుకుపోయేవాళ్లు. న్యూకాజిల్ ఫుల్ బ్యాక్ బిల్ మెక్‌క్రాకెన్ ఈ ఎత్తులో ఆరితేరినవాడు. ఆట నడిమైదానంలోనే ఆగిపోవడం, విజిల్ మీద విజిల్. డబ్బిచ్చి టికెట్ కొన్న జనానికి విసుగొచ్చింది. దాంతో ముగ్గురిని ఇద్దరికి తగ్గించారు. ఫలితం వెంటనే కనిపించింది. ఫస్ట్ డివిజన్‌లో 1924-25లో మొత్తం 1,192 గోల్స్ పడితే, మరుసటి సీజన్‌లో 1,703 పడ్డాయి. ఆ ఏడాదే బ్లాక్‌బర్న్ ఆటగాడు టెడ్ హార్పర్ 43 కొట్టాడు. ఆ తర్వాతి ఏడాది మిడిల్స్‌బ్రో సెంటర్ ఫార్వర్డ్ జార్జ్ కామ్‌సెల్ సెకండ్ డివిజన్‌లో 37 మ్యాచ్‌లకు 59 కొట్టాడు. ఈ కామ్‌సెల్ బొగ్గు గనిలో పనిచేసి వచ్చినవాడు. ఇంగ్లండ్‌కు 9 మ్యాచ్‌లే ఆడి 18 గోల్స్ కొట్టాడు. ఒక్క గోల్ తేడాతో చరిత్ర అతన్ని పక్కన పెట్టేసింది. నాకది అన్యాయంగానే అనిపిస్తుంది.

కాబట్టి గాలి ఫార్వర్డ్‌ల వైపు వీచిన కాలం అది. సందేహం లేదు. కానీ ఆ గాలి అందరికీ వీచింది. 60 కొట్టింది ఒక్కడే.

ఎవరా ఒక్కడు? విలియం రాల్ఫ్ డీన్. 1907 జనవరి 22న బర్కెన్‌హెడ్‌లో పుట్టాడు. లివర్‌పూల్‌కు నదికి అటువైపున్న ఊరు. తండ్రిది రైల్వే ఉద్యోగం. కొడుకూ రైల్వేలోనే అప్రెంటిస్‌గా చేరి, పగలు ఆడుకోవడానికి వీలుంటుందని రాత్రి షిఫ్టు తీసుకున్నాడు. ‘డిక్సీ’ అన్నది జనం పెట్టిన పేరు. అతనికి అది నచ్చేది కాదు. బిల్ అని పిలిస్తే సంతోషించేవాడు. అందుకే నేను వీలైనంతవరకు డీన్ అనే అంటున్నాను.

సొంత ఊరి క్లబ్ ట్రాన్‌మేర్ రోవర్స్‌లో టీనేజీలోనే పేరొచ్చింది. అక్కడే ఒక మ్యాచ్‌లో డిఫెండర్ తన్నిన తన్నుకు ఒక వృషణం కోల్పోయాడు. అయినా ఆట వదల్లేదు. 1925 మార్చిలో ఎవర్టన్ అతన్ని 3,000 పౌండ్లకు కొనుక్కుంది. అప్పటికి వయసు 18.

ఏడాది తిరిగేసరికి, 1926 వేసవిలో, నార్త్ వేల్స్‌లో మోటార్‌సైకిల్ ప్రమాదం. పుర్రె చిట్లింది, దవడ విరిగింది. ఇక ఆడలేడేమోనని డాక్టర్లు భయపడ్డారు. ఆ శరదృతువులోనే మైదానంలోకి దిగాడు. డాక్టర్లు తలలో ఇనుప రేకు పెట్టి కుట్టేశారని, అందుకే తలతో అంత బలంగా కొడుతున్నాడని జనం కథలు అల్లారు. అవి ఉత్త కథలే. కానీ తలకు దెబ్బ తగిలిన కొన్ని నెలలకే ఆ తలతోనే బంతిని కొట్టడానికి ఎగిరాడు చూడండి, ఆ ధైర్యం కథ కాదు. అప్పటి బంతి తోలుది, పైన లేసు కట్టి ఉండేది. వాన పడితే నీళ్లు పీల్చుకుని బరువెక్కేది. లేసు నుదుటికి తగిలితే చర్మం గీసుకుపోయేది.

ప్రమాదం జరిగిన ఆ సీజన్‌లోనే, 1927 ఫిబ్రవరిలో ఇంగ్లండ్ జట్టులోకి వచ్చాడు. వేల్స్ మీద రెండు, స్కాట్లండ్ మీద రెండు, బెల్జియం మీద మూడు, లక్సెంబర్గ్ మీద మూడు, ఫ్రాన్స్ మీద రెండు. మొదటి ఐదు మ్యాచ్‌ల్లో 12 గోల్స్.

ఇక 1927-28. అక్టోబరులో మాంచెస్టర్ యునైటెడ్‌ను ఎవర్టన్ 5-2తో ఓడిస్తే ఆ ఐదూ డీనే కొట్టాడు. సీజన్‌లో రెండు మ్యాచ్‌లు మిగిలి ఉండగా అతని లెక్క 53. కామ్‌సెల్‌ను దాటాలంటే రెండు మ్యాచ్‌ల్లో ఏడు కావాలి. ఇప్పుడు తలుచుకుంటేనే మనకు టెన్షన్. బర్న్‌లీ మైదానంలో నాలుగు కొట్టాడు, 57 అయ్యాయి. 1928 మే 5న సొంత మైదానం గుడిసన్ పార్క్‌లో ఆర్సెనల్‌తో ఆఖరి మ్యాచ్. ఎవర్టన్ అప్పటికే చాంపియన్. అయినా జనం పోటెత్తారు. ముందు ఆర్సెనల్ గోల్ కొట్టింది. డీన్ సమం చేశాడు. పెనాల్టీతో రెండోది కొట్టి కామ్‌సెల్‌ను అందుకున్నాడు. తర్వాత నిమిషాలు గడుస్తున్నాయి, బంతి లోపలికి పోవడం లేదు. మ్యాచ్ ముగింపు దగ్గర పడ్డాక ఎడమ వైపు నుంచి అలెక్ ట్రూప్ కార్నర్ తీశాడు. డీన్ తల తగిలింది. 60. ఆ తర్వాత ఆర్సెనల్ మళ్లీ సమం చేసి మ్యాచ్ 3-3తో ముగిసిందన్న సంగతి ఎవరికీ గుర్తుండదు.

ట్రూప్ దగ్గర కాస్త ఆగుతాను. స్కాట్లండ్‌లోని ఫోర్‌ఫార్ ఊరివాడు. పొట్టి మనిషి. మెడ కింది ఎముక తరచూ జారిపోతుంటే భుజానికి పట్టీ బిగించుకుని ఆడేవాడు. డీన్‌కు అందిన క్రాస్‌లలో, అంటే పక్క నుంచి గోల్ ముందుకు పంపే బంతుల్లో, ఎన్నో ఇతని కాలి నుంచి వచ్చినవే. కొత్త ఆఫ్‌సైడ్ నియమంతో మధ్యలో ఖాళీ దొరికింది నిజమే. ఆ ఖాళీలోకి, సరిగ్గా డీన్ ఎగిరే ఎత్తుకు, బంతి పంపే మనిషి కావాలిగా? ఎవర్టన్ ఆ సీజన్‌లో లీగ్‌లో కొట్టినవి 102 గోల్స్. అందులో 60 ఒక్కరివే అంటే, జట్టంతా ఒక్కడి కోసం ఆడిందని అర్థం. దాన్ని తక్కువ చేసి చెప్పడం లేదు. పదిమంది నమ్మి బంతి పంపితే, ఆ నమ్మకాన్ని వారం వారం నిలబెట్టడం ఎంత కష్టమో ఆడినవాళ్లకు తెలుస్తుంది.

అదే మే 5 మ్యాచ్‌లో అవతలి పక్క ఆర్సెనల్ తరఫున చార్లీ బకన్ తన ఆఖరి మ్యాచ్ ఆడాడు. కొత్త నియమం వచ్చాక, నడిమధ్యలో ఆడే సెంటర్ హాఫ్‌ను వెనక్కి లాగి ఇద్దరు ఫుల్ బ్యాక్‌ల మధ్య నిలబెట్టాలని ఆర్సెనల్ మేనేజర్ హెర్బర్ట్ చాప్‌మన్‌తో వాదించినవాడు ఈ బకనే. డీన్ లాంటి సెంటర్ ఫార్వర్డ్‌ను అడ్డుకోవడమే పనిగా ఒక మనిషిని పెట్టడం. స్టాపర్ అన్నారు. నెమ్మదిగా మిగతా క్లబ్బులూ ఆ బాట పట్టాయి.

అందుకే నేను 60 దగ్గర ఆగిపోకూడదంటాను. 1929-30లో డీన్‌ను గాయాలు పీడించాయి. 25 మ్యాచ్‌లే ఆడగలిగాడు. వాటిలోనే 23 గోల్స్ కొట్టాడు, అయినా ఎవర్టన్ చరిత్రలో మొదటిసారి సెకండ్ డివిజన్‌కు దిగజారింది. అతను క్లబ్ మారలేదు. మరుసటి ఏడాది 37 మ్యాచ్‌ల్లో 39 కొట్టి జట్టును పైకి తెచ్చాడు. ఆ వెంటనే 1931-32లో ఫస్ట్ డివిజన్‌లో 38 మ్యాచ్‌ల్లో 45 గోల్స్, మళ్లీ చాంపియన్‌షిప్. నేను మొదట్లో దాచిపెట్టిన సీజన్ ఇదే. గోల్స్ వరద అప్పటికీ తగ్గలేదు, ఒప్పుకుంటాను. అంతకుముందు ఏడాదే ఆస్టన్ విల్లా ఆటగాడు పాంగో వేరింగ్ 49 కొట్టాడు. కానీ డీన్ పరిస్థితి చూడండి. ఎక్కడ నిలబడతాడో, ఎలా ఎగురుతాడో ఇంగ్లండ్‌లో ప్రతి డిఫెండర్‌కూ తెలుసు. మీదకు స్టాపర్లు వచ్చారు. ఒళ్లు దెబ్బలు తిని ఉంది. జట్టు కింది డివిజన్ నుంచి అప్పుడే వచ్చింది. 1928లో అతనేమిటో ఇంకా తెలుసుకుంటున్న లోకం మీద గోల్స్ కొట్టాడు. 1932లో అతని కోసం కాచుకుని కూర్చున్న లోకం మీద కొట్టాడు. నాకు రెండోదే ఎక్కువ.

1933లో ఎఫ్‌ఏ కప్ ఫైనల్. మాంచెస్టర్ సిటీపై ఎవర్టన్ 3-0తో గెలిచింది. కెప్టెన్ డీన్, ఒక గోల్ కూడా అతనిది. కప్ ఫైనల్లో ఆటగాళ్ల చొక్కాలకు నంబర్లు వేయడం అదే మొదలు. ఎవర్టన్‌కు 1 నుంచి 11, సిటీకి 12 నుంచి 22. డీన్ వీపు మీద 9. 1936లో స్టీవ్ బ్లూమర్ పేరిట ఉన్న 352 లీగ్ గోల్స్ రికార్డునూ డీన్ దాటాడు. ఎవర్టన్‌కు అన్ని పోటీల్లో కలిపి 433 మ్యాచ్‌లు, 383 గోల్స్.

ఇంత చేసినవాడికి దక్కిందేమిటి? అప్పట్లో లీగ్ ఆటగాళ్ల జీతానికి గరిష్ఠ పరిమితి ఉండేది. సీజన్‌లో వారానికి 8 పౌండ్లు, వేసవిలో 6. అరవై కొట్టినా అంతే, ఆరు కొట్టినా అంతే. మైదానాలు నింపింది ఆటగాళ్లు, జేబులు నిండింది క్లబ్బులకు. ఈ మాట అనడానికి నేనేమీ మొహమాటపడను. 1938లో అతన్ని నాట్స్ కౌంటీకి అమ్మేశారు. తర్వాత ఐర్లండ్‌లో స్లైగో రోవర్స్‌కు కొన్నాళ్లు ఆడాడు. యుద్ధం అయ్యాక చెస్టర్‌లో పబ్ నడిపాడు, ఆ తర్వాత ఫుట్‌బాల్ పూల్స్ (మ్యాచ్ ఫలితాల మీద పందేలు) నడిపే కంపెనీ లిటిల్‌వుడ్స్‌లో పోర్టర్‌గా పనిచేశాడు. గుడిసన్‌లో అతని కోసం సహాయ మ్యాచ్ పెట్టింది 1964లో. 1976లో ఒక కాలు తీసేశారు. 1980 మార్చి 1న గుడిసన్‌లోనే, ఎవర్టన్, లివర్‌పూల్ మ్యాచ్ చూస్తుండగా గుండెపోటుతో చనిపోయాడు. విగ్రహం 2001లో పెట్టారు.

చివరిగా ఒక్క సంగతి. 1936 ఆఖరులో ఎవర్టన్ బర్న్‌లీ నుంచి టామీ లాటన్ అనే 17 ఏళ్ల కుర్రాడిని తెచ్చింది. డీన్ స్థానంలోకే తెచ్చారని ఇద్దరికీ తెలుసు. డీన్ ఆ కుర్రాడిని దగ్గరికి తీసుకుని, చేతనైనంత నేర్పాడు. తలతో కొట్టడంలో ఎప్పుడు ఎగరాలి, ఎదుటివాడి కంటే ముందే గాల్లోకి ఎలా లేవాలి అన్నవి కూడా. జీతం ఎంతిచ్చినా ఆ పని చేయమని ఏ క్లబ్బూ రాసివ్వదు. లాటన్ 1937-38లోనూ, 1938-39లోనూ ఫస్ట్ డివిజన్‌లో అందరికంటే ఎక్కువ గోల్స్ కొట్టాడు. ఆ రెండో ఏడాది ఎవర్టన్ మళ్లీ చాంపియన్ అయింది.

1928 గొప్పదా, 1932 గొప్పదా అన్నదాని మీద నాతో విభేదించేవాళ్లు ఉంటే ఇప్పుడే మాట్లాడండి, వింటాను. నమస్కారం.