మన పప్పుచారులో మలావి నత్రజని

మొన్న కిరాణా కొట్లో కందిపప్పు అడిగితే కొట్టాయన రెండు డబ్బాలు చూపించాడు. ఒకటి మన కంది, ఇంకోటి ఆఫ్రికా కంది. రెండోది రేటు కాస్త తక్కువ, అదే తెచ్చుకున్నా. పప్పుచారు తింటుంటే బుర్రలో ఒక లెక్క మొదలైంది. ఆ లెక్క ఎటు పోయిందో చెప్తా, వినండి.

కందుల్లో వందకు ఇరవై పాళ్ల పైన ప్రొటీన్ ఉంటుంది. ఆ ప్రొటీన్‌ను 6.25తో భాగిస్తే పంటకు ముఖ్యమైన పోషకం నత్రజని అందులో ఎంతుందో వచ్చేస్తుంది, ల్యాబుల్లో వాడే మామూలు సూత్రమే ఇది. అంటే క్వింటాలు కందుల్లో దగ్గర దగ్గర మూడున్నర కిలోల నత్రజని. ఏడాదికి ఆఫ్రికా దేశాలైన మొజాంబిక్ నుంచి 2 లక్షల టన్నులు, మలావి నుంచి 50 వేల టన్నులు వ్యాపారుల ద్వారా తెచ్చుకోవడానికి 2021లో మన దేశం ఒప్పందాలు చేసుకుంది. ఆ సరుకంతా వస్తే, దానితో పాటు ఎనిమిది వేల టన్నులకు పైగా నత్రజని ఓడెక్కి వస్తుందన్నమాట. మనకు తెలిసిన 45 కిలోల యూరియా బస్తాల్లో చెప్పాలంటే, దాదాపు 4 లక్షల బస్తాలు.

ఎక్కడి నుంచి వస్తోందో చూడండి. 2006లో ఆఫ్రికా దేశాల నేతలు అబూజాలో కూర్చుని, హెక్టారుకు 8 కిలోలున్న ఎరువుల వాడకాన్ని 2015 కల్లా 50 కిలోలకు తీసుకెళ్దామని తీర్మానించారు. కుదరలేదు. 2024లో నైరోబీలో మళ్లీ కూర్చున్నారు. మన దేశ సగటు 100 కిలోలు దాటి చాలా కాలమైంది. "నత్రజని వాడకం తగ్గించండి" అని ప్రపంచమంతా చెప్తున్న మాట మనకు సరిపోతుందేమో కానీ, మలావి రైతుకు చెప్తే వెటకారంలా ఉంటుంది.

మరి లేనివాళ్ల దగ్గర లాక్కుంటున్నామా? పూర్తిగా కాదు. కందిలో ఉన్న నత్రజనిలో ఎక్కువ భాగం నేలది కాదు, గాలిది. వేరు బుడిపెల్లో ఉండే రైజోబియం బ్యాక్టీరియా గాలిలోంచి పట్టి మొక్కకు ఇస్తుంది. ఈ ఒక్క పని మీదే 2009లో ఎన్‌టూఆఫ్రికా అనే ప్రాజెక్టు మొదలైంది. నెదర్లాండ్స్‌లోని వాగెనింగెన్ యూనివర్సిటీ ప్రొఫెసర్ కెన్ గిల్లర్ నడిపించారు, గేట్స్ ఫౌండేషన్ డబ్బిచ్చింది. ఘనా, నైజీరియా, కెన్యా, మలావి లాంటి దేశాల రైతుల పొలాల్లో సోయా, అలసంద, వేరుశనగ, బీన్స్ వేసి చూశారు. తేలినదాంట్లో నాకు బాగా నచ్చిన విషయం, విత్తనానికి కల్చర్, అంటే ఆ బ్యాక్టీరియా ఉన్న మందు, పట్టించినంత మాత్రాన పని అయిపోదు. నేలలో భాస్వరం లేకపోతే బుడిపెలు సరిగ్గా కట్టవు. అంటే గాలి ఉచితమే, కానీ దాన్ని పట్టుకోవడానికి మళ్లీ బస్తా కొనాలి. కొన్ని నేలలైతే ఎంత చిక్కిపోయాయంటే, ఏం వేసినా పలకవు.

మలావిలో ఇంకో పద్ధతి ఉంది. వేరుశనగ, కంది కలిపి వేస్తారు, మరుసటి ఏడు అదే చేలో మొక్కజొన్న. ఇది విని అనంతపురం వాళ్లు నవ్వుతారని తెలుసు, వేరుశనగలో కంది సాళ్లు వాళ్లకు తాతల నాటి సంగతి. మలావిలో ఈ పద్ధతి మీద ఏళ్ల తరబడి పని చేసినవాళ్లలో అమెరికన్ శాస్త్రవేత్త సీగ్లిండే స్నాప్ ఒకరు. డెడ్జా, న్చేవు జిల్లాల్లో రైతులతో కలిసి పరీక్షించారు. మన పటాన్‌చెరులోని పంటల పరిశోధన సంస్థ ఇక్రిశాట్ శాఖ కూడా ఆ దేశంలోనే, రాజధాని లిలాంగ్వే పక్కన చిటెడ్జేలో ఉంది.

అక్కడ వానలు నవంబరులో మొదలవుతాయి. కంది మొదట్లో నిదానంగా ఎదుగుతుంది కాబట్టి వేరుశనగకు అడ్డం రాదు. ఏప్రిల్, మే నెలల్లో వేరుశనగ పీకేశాక చేనంతా కందిదే. రాలిన ఆకు అక్కడే మురిగి నేలకు బలమవుతుంది. అదే వేరుశనగైతే మొక్కను మొదలంటా పీకేస్తాం. కట్టె పశువుల పాలైతే, పేడ తిరిగి చేలోకి చేరితేనే లెక్క సరిపోయేది. కాబట్టి నా మార్కులు కందికే.

ఇంత బాగుంటే అందరూ ఎందుకు వేయడం లేదు? మేకలండీ. మొక్కజొన్న కోతలయ్యాక ఊళ్లో మేకల్ని వదిలేస్తారు. అప్పటికి చేలలో పచ్చగా నిలబడి ఉండేది కంది ఒక్కటే. దక్షిణ మలావిలో కంది పాత పంట, ఊరు ఊరంతా వేస్తారు కాబట్టి కాపలా ఉంటుంది. మధ్య మలావిలో ఒక్కడు వేస్తే ఊరి మేకలన్నీ అతని చేలోనే. ఇది ఏ ల్యాబులోనూ తేలే సమస్య కాదు.

రెండో కారణం మనమే. 2017లో మన దగ్గర కంది విరగ పండి రేటు పడిపోయింది. మన రైతును కాపాడుకోవడానికి కేంద్రం దిగుమతుల మీద ఏడాదికి 2 లక్షల టన్నుల పరిమితి పెట్టింది. ఇక్కడి రైతు కష్టం చూస్తే తప్పనలేను. కానీ మనల్నే నమ్ముకుని కంది వేసిన మొజాంబిక్, మలావి రైతులకు ధర కుప్పకూలింది. మరుసటి ఏడు కంది విత్తనం తీయడానికి ఎవరికి చెయ్యి వస్తుంది? కంది లేకపోతే ఆ రాలే ఆకూ లేదు, మొక్కజొన్నకు ఆ కాస్త బలమూ లేదు. అక్కడ కంది కోతకొచ్చేది జూలై నుంచి. మన పరిమితి వచ్చింది ఆగస్టులో.